పది డాలర్ల ద్వేషం

1926లో కొలరాడో రాష్ట్రంలో కెన్యన్ సిటీ అనే చిన్న ఊళ్ళో తీసిన ఫోటో ఒకటుంది. తిరునాళ్ళ జెయింట్ వీల్. దాని తొట్లలో తెల్ల అంగీలు, మొనదేలిన తెల్ల టోపీలు తొడుక్కుని కూర్చున్న మనుషులు. కింద అదే వేషంలో ఇంకొంతమంది. అందరూ కు క్లక్స్ క్లాన్ సభ్యులు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. అర్ధరాత్రి గుర్రాలెక్కి వచ్చే హంతకుల ముఠా అని మనం అనుకునేది ఇక్కడ పట్టపగలు, ఊరి మధ్య రంగులరాట్నం ఎక్కి తిరుగుతోంది. ఎవరూ పారిపోవడం లేదు.

శ్వేతజాతి ఆధిపత్య సంఘాల గురించి చదివేకొద్దీ నాకు అర్థమైంది ఇదే. వాటికి బాగా బలం ఉన్న రోజులు చీకట్లో దాక్కున్న రోజులు కావు, ఊరందరితో కలిసిమెలిసి తిరిగిన రోజులు. ద్వేషించేవాడంటే మతి చెడినవాడని అనుకోవడం మనకి సుఖంగా ఉంటుంది. చరిత్రలో కనిపించేది వేరు. పళ్ళ డాక్టర్లు, పాస్టర్లు, కొట్టు యజమానులు, పోలీసులు, పిల్లల తల్లులు.

మొదట్నుంచీ చూద్దాం. అంతర్యుద్ధంలో దక్షిణాది ఓడిపోయిన కొన్ని నెలలకి, 1865 డిసెంబరులో, టెనెసీ రాష్ట్రం పులాస్కీలో ఆరుగురు మాజీ సైనికులు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. గ్రీకులో వలయం అనే అర్థమున్న 'కూక్లోస్' అనే మాటను విరిచి పేరు పెట్టారు. మొదట్లో అదంతా వేషాలు, ఆకతాయి పనులు. యుద్ధంలో చచ్చిన సైనికుల దయ్యాలమని చెప్పి నల్లవాళ్ళని భయపెట్టడం వాళ్ళకో వినోదం. ఒకటి రెండేళ్ళలోనే ఆ వినోదం కొరడాలకీ, ఉరితాళ్ళకీ, ఇళ్ళు తగలబెట్టడానికీ చేరింది.

ఎందుకంత తొందరగా? నలభై లక్షలమంది బానిసలు విముక్తులయ్యారు. 1870 నాటికి నల్లజాతి మగవాళ్ళకి ఓటుహక్కు రాజ్యాంగంలోకి వచ్చింది. అదే ఏడు మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతీయుడు సెనెట్లో కూర్చున్నాడు. ఆ దశాబ్దంలో ఊరి పదవి నుంచి సెనెట్ దాకా సుమారు రెండువేలమంది నల్లవాళ్ళు పదవుల్లోకి వచ్చారు. క్లాన్ దెబ్బ ఎవరిమీద పడిందో చూడండి. ఓటేసినవాడు, బడి పెట్టినవాడు, పొలం కొనుక్కున్నవాడు, వాళ్ళకి తోడు నిలిచిన తెల్లవాడు. దీనికి సాక్ష్యం ఎక్కడో లేదు. 1871లో అమెరికా కాంగ్రెస్ వేసిన కమిటీ ముందు బాధితులే వచ్చి చెప్పుకున్నారు. ఆ వాంగ్మూలాలు పదమూడు సంపుటాలయ్యాయి. చదవడం రాని మనుషులు, మళ్ళీ అదే ఊరికి తిరిగివెళ్ళి బతకాల్సినవాళ్ళు, తమని కొట్టినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చెప్పారు. ఆ ధైర్యం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

ఆ ధైర్యానికి కొంత ఫలితం దక్కింది. 1871లో ప్రెసిడెంట్ గ్రాంట్ కొత్త చట్టం కింద సౌత్ కరోలినాలో తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్ నిలిపేసి సైన్యంతో వందలమందిని అరెస్టు చేయించాడు. ఏడాది తిరిగేసరికి మొదటి క్లాన్ కుప్పకూలింది. అంటే ప్రభుత్వం తలుచుకుంటే అణచలేనిదేం కాదు. కానీ ఆ తలపు ఎక్కువకాలం నిలవలేదు. 1877లో దక్షిణాది ప్రభుత్వాలకి కాపుగా ఉన్న సైన్యాన్ని తప్పించారు. ఓటుకి అడ్డంకులు, రైలుపెట్టెలో వేరు, బడిలో వేరు అంటూ చట్టాలే వచ్చాయి. ముసుగు మనిషి రాత్రిపూట చేసిన పనిని శాసనసభ పగలు చేస్తుంటే ఇక ముసుగు అవసరమేముంది?

హింస మాత్రం ఆగలేదు. 1892లో మెంఫిస్‌లో ముగ్గురు నల్లజాతి యువకుల్ని జైలు నుంచి లాక్కెళ్ళి చంపారు. వాళ్ళు ఒక కిరాణా కొట్టు నడుపుతున్నారు. దానివల్ల ఎదురుగా ఉన్న తెల్లవాడి కొట్టుకి గిరాకీ తగ్గింది. ఆ ముగ్గురూ పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్‌కి స్నేహితులు. మూకహత్యలన్నీ తెల్ల స్త్రీల మానరక్షణకే అని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. వెల్స్ ఒక్కో కేసూ పట్టుకుని ఆరా తీసింది. అత్యాచారం చేశాడనే ఆరోపణైనా ఉన్నవి మూడో వంతే అని లెక్క తేల్చింది. ఆరోపణ మాత్రమే, రుజువు కాదు. ఆమె పత్రిక ఆఫీసుని ధ్వంసం చేశారు. ఇక ఆమె మెంఫిస్‌లో ఉండలేకపోయింది. పైకి చెప్పేది ఆడవాళ్ళ మానం, లోపల ఉన్నది కొట్టు గిరాకీ. అంత సూటిగా ఆ రోజుల్లో రాసినవాళ్ళు తక్కువ.

*

రెండో క్లాన్ పుట్టింది సినిమాలోంచి. థామస్ డిక్సన్ నవల ఆధారంగా గ్రిఫిత్ తీసిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' 1915లో వచ్చింది. అందులో క్లాన్‌వాళ్ళు హీరోలు, గుర్రాల మీద వచ్చి తెల్ల కుటుంబాల్ని కాపాడతారు. వైట్‌హౌస్‌లో ప్రెసిడెంట్ విల్సన్‌కి కూడా వేసి చూపించారు. మండుతున్న శిలువ క్లాన్ సనాతన ఆచారమని చాలామంది అనుకుంటారు. మొదటి క్లాన్ శిలువలు తగలబెట్టలేదు. అది డిక్సన్ నవలలోంచి సినిమాకీ, సినిమాలోంచి నేలమీదికీ దిగింది. అదే ఏడు నవంబరులో విలియం సిమన్స్ అనే మాజీ ప్రబోధకుడు జార్జియాలోని స్టోన్ మౌంటెన్ ఎక్కి, శిలువ వెలిగించి, క్లాన్ మళ్ళీ పుట్టిందని ప్రకటించాడు. వెయ్యేళ్ళ సంప్రదాయంలా కనబడేది ఆ ఏడాది సినిమా సెట్టింగు!

అయినా అయిదేళ్ళపాటు ఆ సంఘం ఈడుస్తూనే నడిచింది. 1920లో సిమన్స్ ఎడ్వర్డ్ యంగ్ క్లార్క్, ఎలిజబెత్ టైలర్ అనే ఇద్దరు ప్రచార వ్యాపారుల్ని పెట్టుకున్నాడు. కథ అక్కణ్ణుంచి మారింది. సభ్యత్వం పది డాలర్లు. అందులో నాలుగు డాలర్లు మనిషిని చేర్పించిన ఏజెంటుకి, ఒకటి ఆ రాష్ట్రంలో అతని పైవాడికి, అర డాలరు ఆ పైవాడికి, రెండున్నర క్లార్క్-టైలర్లకి, మిగతా రెండూ సిమన్స్ కార్యాలయానికి. ఇవాళ మన చుట్టాల్లో ఎవరో ఒకరు ఇంటికొచ్చి చేరమని బతిమాలే గొలుసుకట్టు వ్యాపారం ఉంది చూడండి, అచ్చం అదే లెక్క.

ఏజెంట్లకి ఒక పద్ధతుంది. కొత్త ఊరికి వెళ్ళగానే ఇక్కడివాళ్ళకి ఎవరంటే పడదో కనుక్కోవాలి. ఒకచోట కేథలిక్కులు, ఒకచోట యూదులు, పసిఫిక్ తీరంలో జపాన్‌వాళ్ళు, మరోచోట దొంగసారా అమ్మేవాళ్ళు. నల్లవాళ్ళు దాదాపు కనబడని ఊళ్ళల్లో కూడా క్లాన్ పెరిగిందంటే కారణం అది. ద్వేషం ముందుండి దానికి సంఘం పుట్టడం కాదు, సంఘమే ఊరికి సరిపడే ద్వేషాన్ని వెతికి తెచ్చిపెట్టింది. 1921లో 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక వరస కథనాలతో వీళ్ళ బండారం బయటపెట్టింది. కాంగ్రెస్ విచారణ జరిగింది. సభ్యత్వం తగ్గలేదు సరికదా పెరిగింది. ఖర్చులేని ప్రచారం!

1920ల నడుమ సభ్యులు ఇరవై లక్షల నుంచి యాభై లక్షల వరకూ ఉంటారని చరిత్రకారుల అంచనా. అప్పటికి సంఘాన్ని నడుపుతున్న హైరమ్ ఎవాన్స్ డల్లస్‌లో పళ్ళ డాక్టరు. ఆడవాళ్ళకి వేరే విభాగం ఉండేది. కేథ్లీన్ బ్లీ అనే సోషియాలజిస్టు ఇండియానాలో ఆ విభాగంలో పనిచేసిన ముసలమ్మల్ని దశాబ్దాల తర్వాత కలిసి మాట్లాడింది. వాళ్ళలో చాలామందికి అది వనభోజనాలు, ఊరేగింపులు, ఇరుగుపొరుగుతో కాలక్షేపంగా గుర్తుంది. పశ్చాత్తాపం పెద్దగా లేదు. నాకు ఈ సంగతి శిలువ మంటలకన్నా ఎక్కువగా మనసులో ఉండిపోయింది. తమ వనభోజనాలవల్ల పక్కవీధి కేథలిక్కు టీచరు ఉద్యోగం పోయినా, యూదుడి కొట్టు మూతపడినా, వాళ్ళ జ్ఞాపకంలో వాటికి చోటు లేదు.

1925 ఆగస్టులో ముప్ఫై వేలమందికి పైగా, ముఖాలు కప్పుకోకుండా, వాషింగ్టన్ పెన్సిల్వేనియా ఎవెన్యూ మీద కవాతు చేశారు. అదే ఏడు పతనం కూడా మొదలైంది. ఇండియానాలో చక్రం తిప్పిన డి.సి. స్టీఫెన్‌సన్ ఒక యువతిని ఎత్తుకుపోయి అత్యాచారం చేశాడు. ఆమె చనిపోయేముందు ఇచ్చిన వాంగ్మూలం అతణ్ణి జైలుకి పంపింది. గవర్నరు క్షమాభిక్ష పెట్టకపోయేసరికి, తన దగ్గర డబ్బు తిన్న నాయకుల గుట్టంతా విప్పాడు. స్త్రీల మానరక్షకులమని ఊరేగినవాళ్ళు ఏం సమాధానం చెబుతారు? లక్షలమంది రాలిపోయారు. అయితే వాళ్ళు కోరుకున్న 1924 వలస చట్టం మాత్రం నిలిచింది. దేశాలవారీ కోటాలు, ఆసియావాళ్ళకి దాదాపు మూసిన తలుపు. ఆ కోటాల పద్ధతి పోవడానికి 1965 దాకా పట్టింది.

*

ఇంతకీ ఆ బుర్రలో ఏముంటుంది? నేను గమనించినంతలో ప్రతి దశలోనూ ఒకే మాట వినిపిస్తుంది: 'మేం దాడి చెయ్యడం లేదు, కాపాడుకుంటున్నాం.' దేశంలో అధికారం, భూమి, కోర్టులు చేతిలో ఉన్నవాళ్ళే తమని బాధితులుగా చెప్పుకుంటారు. వాళ్ళు పోగొట్టుకున్నదేమీ లేకపోయినా, కింద ఉన్నవాడు ఒక మెట్టెక్కితే తాము ఒక మెట్టు దిగినట్టు లెక్క. పేద తెల్లవాడికి ఇందులో ఏం ఒరిగిందని డుబోయ్స్ 1935లో ప్రశ్న వేసుకున్నాడు. కూలి పెరగలేదు, కానీ మర్యాద అనే రెండో కూలి దొరికింది అన్నాడు. తనకన్నా కింద ఒకడున్నాడన్న తృప్తి. అందుకే పక్కనున్న నల్ల కూలీతో కలిసి యజమానిని అడగాల్సినవాడు, యజమాని పక్కన చేరి నల్ల కూలీని కొట్టాడు.

మనవాళ్ళు ఈ కథలోకి ఎప్పుడో వచ్చారు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో వందలమంది మూక రంపపు మిల్లుల్లో పనిచేస్తున్న భారతీయుల్ని, ఎక్కువమంది సిక్కుల్ని, కొట్టి ఊరొదిలి పోయేలా చేసింది. ఆ తర్వాత కోర్టు వంతు. పౌరసత్వం తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాలవాళ్ళకీ మాత్రమే ఉన్న రోజులు. 1922 నవంబరులో ఒజావా అనే జపాన్ దేశస్థుడికి సుప్రీంకోర్టు చెప్పింది: తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు, నువ్వు కావు. మూడు నెలలకి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ కేసు వచ్చింది. శాస్త్రం ప్రకారం నేను కాకేసియన్నే కదా అన్నాడు. అదే జడ్జి సదర్లాండ్ ఈసారి, శాస్త్రం సంగతి వదిలెయ్, మామూలు తెల్లవాడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అని తీర్పు రాశాడు. కొలబద్ద మారింది, తలుపు మాత్రం మూసే ఉంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన పలువురు భారతీయుల దగ్గర కూడా దాన్ని వెనక్కి లాక్కున్నారు.

థిండ్ తరఫు వాదనలో నన్ను ఇబ్బంది పెట్టే ముక్క ఇంకోటుంది. ఆయన ఆర్యుడు, పై కులంవాడు, అక్కడి మూలవాసుల్ని మీరు నీగ్రోల్ని చూసినట్టే చూస్తాడు అని అందులో చెప్పారు. అంటే ఆ మెట్లవరసే తప్పని కాదు, అందులో మాకు పైమెట్టు ఇవ్వండి అని. వందేళ్ళయింది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ కబుర్లలో 'ఆ నల్లోళ్ళున్న ఏరియాలో ఇల్లు కొనకు' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ కాగితం గుర్తొస్తుంది. ఇంటి దగ్గర నేర్చుకున్న మెట్లలెక్కే విమానమెక్కి వెళ్ళింది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరుని, మా దేశం వదిలిపో అని అరుస్తూ కాల్చి చంపినవాడు ఇరానీవాళ్ళని కాల్చానని చెప్పుకున్నాడు. డిగ్రీ, ఇంటిపేరు, ఏవీ అడగలేదు. చంపడానికి తోలు రంగు చాలింది. అక్కడే అడ్డుపడి తూటా తిన్నది ఒక తెల్ల యువకుడు. ఇది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే శ్వేత ఆధిపత్యం పుట్టుకతో ఒంట్లో ఉండేది కాదు. ఎవరో నేర్పితే వచ్చేది, వద్దనుకుంటే వదిలెయ్యగలిగేది.

*

తర్వాతి కథ క్లుప్తంగా చెప్తాను. 1963లో బర్మింగ్‌హామ్ చర్చిలో క్లాన్‌వాళ్ళు బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. మొదటి దోషికి శిక్ష పడింది 1977లో, చివరివాడికి 2002లో. 1981లో అలబామాలో 19 ఏళ్ళ కుర్రాణ్ణి చంపి చెట్టుకి వేలాడదీశారు. అతని తల్లి వేసిన దావాలో 1987లో డెబ్భై లక్షల డాలర్ల తీర్పు వచ్చి, యునైటెడ్ క్లాన్స్ తన కార్యాలయం కూడా ఆమెకి రాసివ్వాల్సొచ్చింది. సంఘంగా ఉంటే దావాలు, కేసులు తప్పవని తెలిశాక కొందరు సభ్యత్వాలు, నాయకులు లేని దారి పట్టారు. 1995లో ఓక్లహోమా సిటీలో 168 మందిని చంపిన బాంబు అలాంటి ప్రపంచంలోంచే వచ్చింది. 2019లో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో చనిపోయిన 51 మందిలో మన హైదరాబాదు ఇంజనీరొకరు ఉన్నారు. ఆ హంతకుడు రాసిపెట్టినదంతా 'వలసవాళ్ళొచ్చి మా స్థానం ఆక్రమిస్తున్నారు' అన్న ఒక్క వాక్యమే. 1865లో పులాస్కీ కుర్రాళ్ళకి తెలిసిన వాక్యమే.

అంగీలు పోయాయి, రుసుము పోయింది, కవాతులు తగ్గాయి. ఆ వాక్యం ఉంది. అది ఒక్క తెల్లవాళ్ళ సొత్తూ కాదు, ఏ భాషలోకైనా ఇట్టే ఒదుగుతుంది. అందుకని నా మట్టుకు నేను రెండు ప్రశ్నలు దగ్గర పెట్టుకున్నాను. 'మనవాళ్ళకి అన్యాయం జరిగిపోతోంది, కలిసి రా' అని ఎవరైనా పిలిచినప్పుడు, ఈ మధ్య మెట్టెక్కినవాడెవడు అని ఒకటి. ఈ పది డాలర్లలో నాలుగు ఎవరికి వెళ్తున్నాయి అని రెండోది. రెండింటికీ జవాబు దొరికేదాకా వాళ్ళ వెంట కదలను.