లాగ్‌బుక్కులో 180 గంటలు

డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు ముగిశాక మన పిల్లల చేతికి ఒక లాగ్‌బుక్కు వస్తుంది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అంటారు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు దీన్ని తప్పనిసరి చేసింది. 180 గంటల పని, 4 క్రెడిట్లు. రెండో సంవత్సరం తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్పు, ఆపైన ఒక సెమిస్టరంతా మరో ఇంటర్న్‌షిప్పు కలుపుకుంటే మొత్తం పది నెలలు. లేపాక్షి చుట్టుపక్కల పల్లెల నుంచి హిందూపురం కాలేజీలకు బస్సెక్కే యౌవనస్థుల తల్లిదండ్రులు చాలామంది దీన్ని ఇంకో ఫీజు రసీదులాగానే చూస్తున్నారు. అందుకే ఈ వారం ఈ సంగతి వివరంగా రాస్తున్నాం.

చదువుకీ సేవకీ ముడివేయడం కొత్తేమీ కాదు. జాతీయ సేవా పథకం, మనందరి నోట ఎన్‌ఎస్‌ఎస్, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. అప్పటి వాలంటీర్లు సుమారు 40,000 మంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు, దానితోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దీని నియమం. అమెరికాలో రెండేళ్ల కాలేజీల విద్యార్థుల కోసం 1918లో ఏర్పడిన ఫై తీటా కప్పా అనే ఆనర్ సొసైటీ కూడా విద్య, నాయకత్వం, సేవ, సహవాసం అనే నాలుగింటినీ ఒక్కచోట చేర్చింది. అక్కడ మంచి మార్కులు వచ్చినవారికే ఆ ఆహ్వానం అందుతుంది. మన దగ్గర మార్కులతో నిమిత్తం లేకుండా ప్రతి విద్యార్థీ ఊళ్లోకి వెళ్లాల్సిందే. నా మట్టుకు నాకు మన పద్ధతే నచ్చింది.

అయితే జరుగుతున్నదేమిటి? కొందరు పోయినేటి సీనియర్ నివేదికను తెచ్చుకొని ఊరి పేరు మార్చి బైండింగు చేయిస్తున్నారు. చేయని సర్వేకి పట్టికలు, వెళ్లని ఇళ్లకు శాతాలు. దొరకకపోవచ్చు, మార్కులూ పడవచ్చు. కానీ ఉద్యోగపు ఇంటర్వ్యూలో "ఈ ప్రాజెక్టులో మీరేం చేశారు?" అని అడిగితే మొదటి ప్రశ్నకు జవాబుంటుంది, రెండో ప్రశ్నకు ఉండదు.

నిజంగా చేయాలనుకునేవారికి మన నేల మీద పనికి కొదవలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏటా పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేరుశనగ నమ్ముకున్న సీమ ఇది. బీకాం విద్యార్థి ఒక పల్లెలో ఇరవై కుటుంబాలను ఎంచుకొని, ఎకరా వేరుశనగకు విత్తనం మొదలు కూలీ వరకు ఎంత ఖర్చయింది, చేతికి ఎంత వచ్చింది, అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత అని రాసుకోవచ్చు. ఆ లెక్క చేతికొస్తే బ్యాంకు ఉద్యోగానికి అంతకంటే మంచి తయారీ ఏముంది? కెమిస్ట్రీ చదివేవారు బోరునీళ్లలో ఫ్లోరైడు చూడవచ్చు. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం. పళ్లమీద గారలు కనబడే పిల్లలున్న ఊళ్లో ఆ పరీక్ష ఫలితం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. చరిత్ర విద్యార్థికి లేపాక్షే ఉంది. విజయనగర కాలపు ఆ ఆలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. చూడవచ్చే జనంతో ఊరివారికి నిజంగా ఎంత ఆదాయం వస్తోందో బండ్లవాళ్లను, టీకొట్లవాళ్లను అడిగితే తెలుస్తుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు, చింతపండు వ్యాపారం మరో రెండు పుస్తకాలు.

ఒక్క జాగ్రత్త. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 8,000కు పైగా ఎకరాలు సేకరించారు. భూములు పోయాయి, చెప్పిన ఉద్యోగాలు రాలేదు. అటువైపు కాగితాలు పట్టుకొని వెళ్లే విద్యార్థిని "మళ్లీ ఏం రాసుకుపోతావు నాయనా?" అని ఎవరైనా అడిగితే నొచ్చుకోకూడదు. ముందు కూర్చోవాలి, ఎవరి బిడ్డవో చెప్పాలి, ఆ రాత దేనికో చెప్పాలి. ప్రశ్నల పత్రం మరుసటి రోజు తీసినా ఫర్వాలేదు. అప్పు సంగతి నలుగురిలో అడగకూడదు. నివేదికలో ఇంటి పేర్లు రాయకూడదు.

పరిశ్రమల మాటా చెప్పుకోవాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇంటర్న్‌షిప్పు అంటే అందరి చూపూ అటే, కాకపోతే బెంగళూరు. తప్పులేదు. కానీ అపరిచితులతో మాట్లాడటం, విన్నది ఉన్నదున్నట్టు రాయడం, నలుగురితో కలిసి గడువులోగా పని ముగించడం మొదటి ఏడాది పల్లెలో అలవడితే రెండో ఏడాది కంపెనీ గేటు దగ్గర కాళ్లు వణకవు. ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్టు కూడా భద్రంగా దాచుకోండి. కొన్ని పీజీ ప్రవేశాల్లో దానికి ప్రత్యేక కేటగిరీ ఉంది.

1969లోనే మహారాష్ట్ర నుంచి విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చారు. ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మనం ఆర్డీటీ అనేది, ఆయన 2009లో కన్నుమూశాక కూడా ఈ పల్లెల్లో పనిచేస్తూ వచ్చింది. విద్యార్థులు అలాంటి సంస్థల క్షేత్ర సిబ్బందితో ఒకరోజు తిరిగితే, ఏ ప్రశ్న ఎలా అడగాలో పుస్తకంకన్నా త్వరగా తెలుస్తుంది.

నివేదిక కాలేజీలో ఇచ్చేటప్పుడు ఇంకో ప్రతి తీయించండి. తెలుగులో రెండు పేజీల సారాంశం జతచేసి గ్రామ సచివాలయంలో ఇవ్వండి. నీళ్ల పరీక్ష చేసినవారు ఏ బోరులో ఎంత వచ్చిందో ఆ బోరు నీళ్లు తాగే ఇళ్లవారికి స్వయంగా వెళ్లి చెప్పండి. ఆ వెళ్లిన పూట కూడా 180 గంటల్లోదే, లాగ్‌బుక్కులో రాసుకోవచ్చు.