పచ్చపింగాణి: అనుకరణమా? కపటమా?

పూర్వవస్తువును బోలిన క్రొత్తవస్తువు కానఁబడినంతనే దానిని కపటమనుట సులభము. చీనాదేశమున యుంగ్‌జెంగ్ చక్రవర్తి (1723-1735) కాలపు పచ్చపింగాణిని బట్టి యీ యభిప్రాయము నించుక విమర్శింతము.

సుంగు రాజులకొఱకు హోనాను మండలమున 1100 ప్రాంతమునఁ జేయఁబడిన రూ పాత్రలు నీలిచాయ గల లేఁబచ్చ గాజుపూఁతకుఁ బ్రసిద్ధములు. వానిలో నేఁడు నిలిచినవి నూఱింటికి లోపే. పూఁతలోని కొలఁదిపాటి యినుమే యా వన్నెకు మూలము. ఆవమున గాలిని దగ్గించి కాల్చినఁగాని యది రాదు, గాలి హెచ్చినచోఁ బసుపువన్నె యగును.

1728లో జింగ్‌డెజెన్ పింగాణిశాలకు వచ్చిన టాంగ్ యింగ్ అను నధికారి మూఁడేండ్లు పనివారితోఁ గలసి భుజించి యీ విద్య నేర్చెను. 1735లో నతఁడు వ్రాసిన పట్టికలోని 57 విధములలో, రాజమందిరపుఁ బ్రాచీనపాత్రల మాదిరినిఁ జేసిన రూ పూఁతయుఁ గలదు.

రూ పాత్రల మన్ను బూడిదవన్నెది. జింగ్‌డెజెన్ మన్ను తెల్లనిది. ఆ భేదము కానరాకుండఁ గొన్నింటి యడుగంచునకు గోధుమవన్నె పూసిరి. ఇది కపటము కాదా యందురేమో. కాని యా పాత్రల యడుగుననే యుంగ్‌జెంగ్ నామము నీలివర్ణమున నాఱక్షరములతో వ్రాయఁబడినది. మోసగింపఁ దలఁచినవాఁడు తన కాలమును దానే వ్రాయునా? తరువాతి వర్తకులు కొందఱు ఆ నామము నరగఁదీసి, సుంగు పాత్రలని విక్రయించిరి. కపటము కుమ్మరిసారెపైఁ గాక యంగడిలోఁ బుట్టినది.

కావునఁ బరీక్షకులు వన్నె నొక్కదానినే నమ్మక, యడుగునఁ గల మన్నును, ముద్ర యరగిన జాడను గూడఁ జూడవలయును.