ఉపమాలంకారమే సిమిలీ

1976లో పదో తరగతి చదివిన మా తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు పీరియడంటే గుండెదడ. వర్డ్స్‌వర్త్ 1807లో అచ్చువేసిన డాఫొడిల్స్ పద్యం చెబుతూ మాస్టారు నన్ను లేపి, "సిమిలీకీ మెటఫర్‌కీ తేడా ఏమిట్రా?" అన్నారు. "నాకు ఇంగ్లీషు రాదండీ" అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

మాస్టారు నవ్వలేదు. "కవి తనను మేఘంతో పోల్చుకున్నాడు. తెలుగు క్లాసులో దీన్నేమంటారు?"

"ఉపమాలంకారమండీ."

"పోలిక మాట తీసేసి, తానే మేఘమంటే?"

"రూపకమండీ!"

"మరి రాదంటావేం? కూర్చో."

కాలేజీకి వెళ్లాక ఆ మాటల చరిత్ర వెతుక్కున్నాను. భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. గ్రీసులో అరిస్టాటిల్ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే మెటఫర్ గురించి రాశాడు. ఆ గ్రీకు మాటకు అర్థం, ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోవడం. అయితే రెండు లెక్కలూ అచ్చంగా ఒకటి కావు. మన రూపకంలో ఉపమేయం, ఉపమానం రెండూ కనబడాలి. ఉపమేయాన్ని చెప్పకుండా ఉపమానమే చెబితే మనకు అది అతిశయోక్తిలో ఒక రకం. ఇంగ్లీషులో అదీ మెటఫరే. మనవాళ్లు ఇంకా సన్నంగా విడదీశారన్నమాట.

తర్వాత ముప్పై ఏళ్లు నేనూ ఇంగ్లీషే చెప్పాను. నోరు పెగలక నిలబడ్డ ప్రతి పిల్లాణ్నీ ముందు తెలుగులోనే అడిగాను. ఆ పద్ధతి ఈ బడిలోనే నేర్చుకున్నాను.