ఆయుధ శాసనమును మన గ్రామ రక్షణయును



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్ర విషయమై యొక వ్యాసము వ్రాయుడని కార్యదర్శిగారు కోరిరి. పూర్వ రాజుల ప్రశస్తిని గూర్చి వ్రాయువారు పెక్కురు గలరు. కావున మేము మాక్లూరు ప్రాంతపు రచ్చబండల కడ తఱచుగ వినవచ్చుచున్న యొక ప్రశ్ననే గైకొంటిమి. “అడవిపందులు చేలను పాడుచేయుచున్నవి. రాత్రివేళ నీరు కట్టుటకు పోవువానికి ప్రాణభయము గలదు. అమెరికాలో నెవరైనను తుపాకి ధరింపవచ్చునట. మన రాష్ట్రమున నట్టి శాసనమేల చేయరాదు?” అని మన యువకు లడుగుచున్నారు. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి ప్రత్యుత్తరము చెప్పుటకు ముందు, ఈ దేశమున ఆయుధ మెవరి చేత నుండెను, ఎవరికి నిషేధింపబడెను అను చరిత్రము నెఱుగుట యవసరము.

మనవారిని ముదిరాజులనియు, ముత్రాసులనియు, తెనుగువారనియు పలు పేర్లతో పిలుతురు. చెఱువులలో చేపలు పట్టుట, మామిడితోటలకు కాపుండుట, ఊరికి కావలికాయుట మనవారి పరంపరాగత వృత్తులు. కావలివాని చేతిలో నేమున్నది? చేతికఱ్ఱ, బరిసె, వడిసెల, వల. ఇంతియే. మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పి జొన్నచేనిపై వ్రాలు పిట్టలను తోలుట మా బాల్యమున మేమును చేసిన పనియే. తుపాకి మాత్రము గడీ గోడల లోపల నుండెడిది. ఊరిని రాత్రియెల్ల మేల్కొని కాచినవాడొకడు, తుపాకి గలవాడు మఱియొకడు. ఈ భేదమును మనస్సునందుంచుకొని మిగిలిన కథను చదువవలెను.

బ్రిటిషు ఇండియాలో 1857 నాటి తిరుగుబాటు తరువాత ప్రజలను నిరాయుధులను చేయుట పాలకుల విధానమయ్యెను. లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నున్న 1878వ సంవత్సరమున రెండు శాసనములు వచ్చెను. ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టినది. రెండవది ఆయుధచట్టము, ప్రజల చేతులు కట్టినది. మొదటిది రిప్పను ప్రభువు కాలమున రద్దయ్యెను గాని రెండవది ఎనుబదియేండ్లకు పైగా నిలిచెను. ఆ చట్టము ననుసరించి లైసెన్సు లేక ఆయుధముంచుకొనుట నేరము. అయినను యూరోపియనులకు మినహాయింపు లుండెను. కొడగు జాతివారికిని ప్రత్యేకముగ మినహాయింపు దొరకెను. అది నేటికిని కొనసాగుచున్నది. అనగా ఒకే దేశమున నొకనికి పుట్టుకచేత ఆయుధార్హత, మఱియొకనికి పుట్టుకచేత అనర్హత. కులభేదముల బాధను తరతరములుగ నెఱిగిన మనకు ఈ అన్యాయము వేఱుగ వివరింప బనిలేదు.

జాతీయ మహాసభ తొలినాళ్లలోనే, 1887లో మద్రాసు సమావేశమున, ఈ చట్టపు కాఠిన్యమును సడలింపవలెనని కోరెను. 1931లో కరాచీ మహాసభ ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చిరి. కాని స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగ నిర్మాణ సభలో 1948 డిసెంబరునందు హెచ్. వి. కామత్ గారు ఈ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణను ప్రతిపాదింపగా, డాక్టరు అంబేద్కరుగారు సమ్మతింపలేదు. పౌరుడు ఆయుధము పట్టుటను హక్కుగ గాక దేశరక్షణ కర్తవ్యముగ నెంచవలెననియు, దానిని ప్రాథమిక హక్కు చేసినచో పేరుమోసిన నేరస్థుల చేతికి ఆయుధము పోకుండ అడ్డుట రాజ్యమునకు కష్టమగు ననియు వారి యభిప్రాయము. సవరణ వీగిపోయెను. మన రాజ్యాంగమున 19వ అధికరణము సభ జరుపుకొను స్వేచ్ఛ నిచ్చినది గాని, ఆ సభ శాంతియుతముగను నిరాయుధముగను ఉండవలెనని నిర్దేశించినది.

ఇక మన నైజాము రాజ్యపు సంగతి. ఇచ్చట ఆయుధము మాట యటుండగా, సభ పెట్టుకొనుటకే గస్తీ నిషాన్ 53 అడ్డుతగులుచుండెను. ముందుగ అనుమతి లేనిదే నలుగురు కూడి మాటాడరాదు. అట్టి కాలమందే 1937లో మన నిజామాబాదున మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఆంధ్ర మహాసభ జరిగెను. ఆ 1937లోనే బోధనున చక్కెర కార్ఖానా స్థాపితమయ్యెను. నిజాంసాగరు నీటితో చెఱకు పండెను, భూమి విలువ పెరిగెను. భూమి విలువతోపాటు దొరల యాశయు పెరిగెను. నిజామాబాదు జైలులో వట్టికోట ఆళ్వారుస్వామిగారును దాశరథి కృష్ణమాచార్యులుగారును బందీలుగ నున్న సంగతి మన జిల్లావారందఱును గర్వముతో చెప్పుకొనునదియే.

1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున ఊరేగింపుగ వచ్చిన ప్రజలపై విసునూరు దేశముఖు మనుష్యులు తుపాకులు కాల్చిరి. దొడ్డి కొమురయ్య యొరిగిపోయెను. ఆ ప్రజల చేతిలో నున్నవి కఱ్ఱలు, వడిసెలలు. తరువాత నడచిన సాయుధ పోరాటమున గడీలనుండి గుంజుకొన్న తుపాకులును, భర్మారులును వారి చేతికి వచ్చెను. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామస్థులు తమ బురుజు నెక్కి రజాకార్ల దాడులను పలుమాఱులు త్రిప్పికొట్టిరి. తుదకు రజాకార్లు సైనికబలమును తోడుగ దెచ్చుకొని ఊరిమీద పడినపుడు ఎందఱో మగవారిని వరుసగ నిలిపి కాల్చి చంపిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. ఆత్మరక్షణకు ఆయుధము లేని ప్రజలగతి యెట్టిదో అది చెప్పుచున్నది. ప్రభుత్వబలము అన్యాయపక్షమున నిలిచినపుడు భర్మారు కూడ ఊరిని కాపాడజాలదని కూడ అదియే చెప్పుచున్నది.

చరిత్రము వ్రాయువారు రెండవ పుటను దాచరాదు. 1948 సెప్టెంబరు 13న మొదలై ఐదుదినములలో ముగిసిన పోలీసు చర్య తరువాత, పూర్వ హైదరాబాదు రాజ్యపు కొన్ని జిల్లాలలో నే పాపము నెఱుగని ముస్లిము కుటుంబములు ప్రతీకారమునకు బలియయ్యెను. పండిత సుందర్‌లాల్‌గారి సంఘము ఆ సంగతిని విచారించి ప్రభుత్వమునకు నివేదించెను. నిన్న దెబ్బతిన్నవాని చేతికి నేడు ఆయుధము వచ్చినంతమాత్రమున న్యాయము రాదు. ఇంకొకటి గమనింపుడు. 1949లో జాగీర్దారీ రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. 1951 అక్టోబరులో సాయుధ పోరాటము విరమింపబడెను. పోరాటపు వేడి లేనిదే ఆ చట్టములు వచ్చియుండెడివి కావని మేమును నమ్ముదుము. కాని రైతు చేతిలో పట్టా నిలిచినది చట్టముచేతనే.

ఇపు డమలులో నున్నది 1959వ సంవత్సరపు ఆయుధచట్టము. 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చెను. దీనిలో మన రైతులెఱుగవలసిన మాటలు కొన్ని గలవు. నిజముగ పంటరక్షణకై కోరువానికి భర్మారు తుపాకి లైసెన్సు ఇయ్యవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. అది చాలదని అధికారికి తోచినచో వేఱొక నున్నని గొట్టపు తుపాకికైనను ఇయ్యవచ్చును. తగినంత ఆస్తి లేదను నొక్క కారణముచేత లైసెన్సు నిరాకరింపరాదని 14వ సెక్షను స్పష్టముగ శాసించినది. నిరాకరించినచో కారణములను వ్రాతపూర్వకముగ నమోదు చేయవలెను. 18వ సెక్షను క్రింద అప్పీలు గలదు. గడీవానికే తుపాకి యను పాతకాలపు న్యాయమును ఈ చట్టము కాగితముపై త్రోసివేసినది. కాని ఆ కాగితము మనవారి గుడిసెవఱకు రాలేదు. నేరగాండ్ర విషయమున చట్టము కఠినము. 2019 సవరణచేత ఒక్కరికి మూడు తుపాకుల పరిమితి రెండింటికి తగ్గెను. లైసెన్సు గడువు మూడేండ్లనుండి ఐదేండ్ల కయ్యెను. పెండ్లిండ్లలోను ఊరేగింపులలోను ఇతరుల ప్రాణములకు అపాయము కలుగునట్లు తుపాకి కాల్చినవానికి రెండేండ్లవఱకు ఖైదు విధింపవచ్చును.

ఇక రాష్ట్ర శాసనపు మాట. ఆయుధములు, మందుగుండు రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో కేంద్ర జాబితా యందు ఐదవ పద్దుగ నున్నవి. కావున ఈ విషయమై శాసనము చేయునధికారము పార్లమెంటుదే గాని రాష్ట్ర శాసనసభది కాదు. రాష్ట్రమున ఆయుధహక్కు చట్టము తెత్తుమని యెవరైన వాగ్దానము చేసినచో, అది తనది కాని చెఱువులో చేపలు పంచిపెట్టుట వంటిది.

అమెరికాలో సంగతి వేఱు. అచ్చట 1791 నాటి రెండవ సవరణచేత ఆయుధహక్కు రాజ్యాంగమునకెక్కినది. రాష్ట్రములు తమ శాసనములను తాము చేసికొనును. టెక్సాసు రాష్ట్రమున 2021 సెప్టెంబరునుండి అర్హుడగు వయోజనుడు లైసెన్సు లేకయే చేతితుపాకి ధరింపవచ్చును. మన జిల్లాల బిడ్డలెందఱో ఆ రాష్ట్రమున కొలువులు చేయుచున్నారు. 2023 మే నెలలో అచ్చటి అలెన్ పట్టణపు అంగడులలో నొక దుర్మార్గుడు కాల్పులు జరుపగా ఎనమండుగురు మరణించిరి. ఆ దుఃఖము తెలుగు గడపను కూడ తాకినది. దూరపు కొండలు నునుపను సామెత నిచ్చట జ్ఞాపకముంచుకొనవలెను.

అట్లయిన రైతేమి చేయవలెను? ఇదియే మాకు ముఖ్యము. అడవిపందిని చంపుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అధికారుల అనుమతి కావలెను. పంటకు నష్టము చేయు జంతువు విషయమున 11వ సెక్షను అట్టి అనుమతికి అవకాశ మొసగినది. చట్టపు దారి తెలియనివాడు చేనిగట్టున ఇనుపతీగ చుట్టి కరెంటు పెట్టుచున్నాడు. ఆ తీగకు పంది చిక్కునో లేదో గాని, తెల్లవారుజామున నీరు కట్టవచ్చిన ప్రక్కచేనివాడు, కట్టెలకు వచ్చిన పేదరాలు, ఒక్కొక్కమాఱు తీగ పెట్టినవాడే చిక్కి మరణించుచున్నారు. తెలంగాణమున ప్రతి యేటను ఇట్టి వార్తలు వినవలసివచ్చుచున్నది. తుపాకి చేతబట్టినవానికి తన గుఱి యెదుట కనబడును. తీగ పెట్టినవానికి తానెవరిని చంపునో తెలియదు. ఊరిని కాచిన కులమువారి చేనిగట్టున ఊరివాడే చచ్చుటకంటె మనకు తలవంపు మఱియేమున్నది?

కావున మా విన్నపములు మూడు. మొదటిది, కరెంటు తీగ పెట్టు ఆచారమును మన కులస్థు లీ మహాసభనాడే ప్రమాణపూర్వకముగ విడువవలెను. రెండవది, గ్రామ శాఖలు సామూహికముగ రాత్రి కాపుదల నేర్పాటు చేసికొని, పంటనష్టపు పరిహారమునకును, అనుమతికిని, అవసరమైనచోట లైసెన్సునకును దరఖాస్తులు వ్రాసిపెట్టి, కారణము లేక నిరాకరించినచో అప్పీలు వఱకు వెంట నిలువవలెను. మూడవది, ఆయుధమును అలంకారముగ నెంచి పుట్టినరోజు పటములలోను ఊరేగింపులలోను ప్రదర్శించు వేడుకను యువకులు మానవలెను.

మన పెద్దలు తుపాకి లేకయే ఊరిని కాచిరి. వారికి తుపాకి నియ్యకుండుట అన్యాయమే. ఆ అన్యాయమును తొలగించు సెక్షనులు నేడు చట్టమున గలవు, వానిని వాడుకొందము. కాని ఊరు వారిని నమ్మినది చేతిలోని ఆయుధమును జూచి కాదు. కావలివాడు మేల్కొనియున్నాడు గదా యని నమ్మి ఊరు నిదురించెను. ఆ నమ్మకమును నిలుపుకొనుటయే మన కులమునకు గౌరవము.