గుండెదడ: నాడి నుండి రేఖాపటము వరకు

భయమునను, శ్రమమునను గుండె వడిగా కొట్టుకొనుట అందరికిని అనుభవమే. ఏ కారణమును తోచకయే అది ఎగిసిపడినప్పుడు, నడక తప్పినప్పుడు గుండెదడ అందుము. ఇది వ్యాధి కాదు, లక్షణము. దీని మూలమును తెలిసికొనుటకు వైద్యశాస్త్రము చిరకాలము శ్రమించినది. ఆ చరిత్రలో మన ప్రాంతమునకును చోటు కలదు.

పూర్వము మన వైద్యులు మణికట్టుపై వ్రేళ్లుంచి నాడి నడకను గుర్తించెడివారు. తెలుగునాట ఆదరణ పొందిన బసవరాజీయమున నాడీపరీక్షకు ప్రముఖస్థానము కలదు. 1816లో పారిస్ నగరమున లెన్నెక్ స్టెతస్కోపును కనిపెట్టగా గుండె చప్పుడు స్పష్టముగా వినవచ్చెను. కాని దడ పెక్కుమారులు వైద్యుని చేరులోపలనే అణగిపోవును. చెవి విన్నదానిని పదిలపరచుట ఎట్లు? 20వ శతాబ్ది తొలి యేండ్లలో లైడెన్ నగరమున ఐంథోవెన్ గుండెలోని విద్యుత్తును రేఖలుగా నమోదుచేసి, 1924లో నోబెల్ బహుమతి నందెను. 1940 దశకమున అమెరికాలో హోల్టర్ ఆ తరంగములను రేడియోద్వారా ప్రసారము చేసెను. ఆ యంత్రమును ధరించినవారు సుమారు 38 కిలోల బరువు వీపున మోయవలసివచ్చెను. నేడు హోల్టర్ పేరుగల పరికరము అరచేత ఇముడును. దినమంతయు గుండె నడకను వ్రాసియుంచును.

భీమడోలుకు ఆగ్నేయముననున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో హార్వర్డున ఫిస్కేతో కలిసి కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడించిరి. గుండె కండరమునకును అదియే ఆధారము. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్ జార్జిలు ఆ పదార్థములో భాగమైన ఎడినోసిన్ గుండె వేగమును తగ్గించునని చూపిరి. నేడు హఠాత్తుగా వచ్చు ఒక విధమైన దడను ఆసుపత్రిలో ఈ ఎడినోసిన్ సూదిమందుతోనే ఆపుచున్నారు.

రక్తహీనతయు దడకు హేతువే. రక్తమున ప్రాణవాయువును మోయు శక్తి తగ్గగా ఆ లోటు తీర్చుటకై గుండె త్వరపడును. బొంబాయి గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో కుదురుచున్నదని లూసీ విల్స్ 1931లో ప్రకటించిరి. అందలి గుణకారి ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలెను. సుబ్బారావుగారి ఆధ్వర్యమున లెడర్లీ సంస్థ శాస్త్రజ్ఞులు దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. అయినను రక్తహీనతలన్నియు ఒకటి కావు. ఇనుము లోపించినను, బి12 లోపించినను కలుగును. కనుక రక్తపరీక్ష లేక మాత్రలు మ్రింగరాదు. థైరాయిడు దోషము, నిద్రలేమి, మితిమీరిన కాఫీ కూడ దడ పుట్టింపవచ్చును.

దడ తోచినప్పుడు కూర్చుండి, గడియారము చూచి, నిండు నిమిషము నాడిని లెక్కింపవలెను. విశ్రాంతిలో పెద్దలకు 60 మొదలు 100 వరకు సాధారణము. ఎప్పుడు మొదలైనది, ఎట్లు ఆగినది, నడక సమముగా నున్నదా అనునవి వ్రాసి వైద్యునికి చూపవలెను. దడ మాటిమాటికి వచ్చుచున్నను, ఇంటిలో చిన్నవయసున ఆకస్మిక మరణము జరిగియున్నను, పూర్వమే గుండెజబ్బు ఉన్నను పరీక్ష వాయిదా వేయరాదు. దడతోపాటు స్పృహ తప్పినను, రొమ్మునొప్పి వచ్చినను, ఊపిరి ఆడకున్నను క్షణమైన ఆగక 108కి ఫోను చేయవలెను. కొల్లేటి లంకలలోనివారు ఏలూరు దూరమని తెల్లవారువరకు వేచియుండరాదు. దడ జరుగుచుండగా తీసిన రేఖాపటమే వైద్యునికి అన్నింటికంటె గట్టి సాక్ష్యము.