భీమిలి తీరంలో డచ్చివారి కోఠీలు

విశాఖపట్నానికి ఉత్తరాన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న భీమునిపట్నంలో, మిత్రబృందాలు సెలవు రోజున చూసి వచ్చే శిథిలాల వెనుక పదిహేడవ శతాబ్దపు వర్తక చరిత్ర ఉంది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో అడుగుపెట్టి, తరువాత తీరం పొడవునా కోఠీలను, అంటే వర్తకులు నివసించే ఇల్లు, సరుకు నిలవచేసే గిడ్డంగి, లెక్కల కచేరీ ఒకే ఆవరణలో ఉండే భవనాలను నెలకొల్పింది. ఈ తీరపు మగ్గాలపై నేసిన నూలుబట్టకు జావా, మలుకు దీవులలో మంచి గిరాకీ ఉండేది కనుక, లవంగాలు, జాజికాయ కొనడానికి డచ్చివారికి ఈ బట్టే పెట్టుబడి అయింది. భీమిలి వైభవానికి మూలం ఓడల కన్నా ముందు సాలెవాడల శ్రమ అని చెప్పడమే న్యాయం.

ఆ కాలపు గోడలను దగ్గరగా చూస్తే, పై పూత రాలిన చోట పలుచని ఇటుకల వరుసలు, వాటి మధ్య గానుగ సున్నం, అంటే ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా నూరిన సున్నం, కనిపిస్తాయి. ఉప్పుగాలి తగిలి ఇటుక గుల్లబారినా సున్నపు గీత నిలిచే ఉంటుంది. డచ్చివారి శ్మశానవాటికలోని శిఖరాకారపు సమాధులు కూడా ఈ గాలికే కరుగుతున్నాయి. వాటి సంరక్షణ ఇంకా ఆలస్యం కాకూడదు. ఇక్కడి డచ్చివారి కథ మాత్రం ఒక ఒప్పందంతో ముగిసింది: వారికీ ఇంగ్లీషువారికీ మధ్య కుదిరిన 1824 నాటి లండన్ ఒప్పందం ప్రకారం 1825లో భీమిలితో పాటు వారి ఇతర స్థావరాలైన పాలకొల్లు, జగన్నాథపురం ఇంగ్లీషువారి వశమయ్యాయి.