గోడమీది తల్లి, పల్లెలోని దాది

15వ శతాబ్దపు ఫ్లోరెన్సు నగరంలో కలవారి ఇళ్ళలో పడకగది గోడకు బాలయేసును ఎత్తుకున్న మేరీమాత పటం ఉండడం పరిపాటి. ఆ గదిలో పుట్టిన బిడ్డ కొద్ది రోజులకే తల్లి ఒడి విడిచి, చుట్టుపక్కల పల్లెల్లోని పాలదాది, అంటే జీతానికి పాలిచ్చి పెంచే స్త్రీ, ఇంటికి చేరడమూ అంతే పరిపాటి. సాధారణంగా బిడ్డ తండ్రే దాది భర్తతో బేరం కుదుర్చుకొని, చెల్లించిన జీతాన్ని ‘రికొర్దాంజె’ అనే కుటుంబ లెక్కల పుస్తకంలో రాసుకొనేవాడు. పాలిచ్చే స్త్రీ గర్భం దాలిస్తే పాలు చెడిపోతాయని ఆనాటి వైద్యులు నమ్మడం వల్ల, వంశం నిలవడానికి వెంటవెంటనే బిడ్డలు కలగాలని కోరే కుటుంబాలకు దాది తప్పనిసరి అయింది. 1475లో పుట్టిన మైకెలాంజెలో కూడా రాతిపనివారి ఊరైన సెత్తిన్యానోలో దాది పాలు తాగి పెరిగినవాడే.

ఇటువంటి సమాజమే ‘మడొన్నా దెల్ లాత్తె’, అంటే పాలిచ్చే మేరీమాత, అనే చిత్రరూపాన్ని తరతరాలుగా ఆదరించింది. సియెనాలో అంబ్రోజో లొరెన్‌జెత్తి సుమారు 1325లో వేసిన పటంలో శిశువు పాలు తాగుతూనే కళ్ళు తిప్పి ఎదుటివారిని చూస్తాడు. చంటిపిల్లలను దగ్గరగా ఎరిగిన చిత్రకారుడికే ఆ చూపు దొరుకుతుంది. దేవుడు నిజంగా మానవదేహం ధరించాడనడానికి తల్లిపాలు రుజువని భక్తుల విశ్వాసం. ఫ్లోరెన్సు ప్రధాన దేవాలయం కోసం 1402కు ముందు గుడ్డపై వేసిన ఒక పెద్ద చిత్రంలో (అది ఇప్పుడు న్యూయార్కులో ఉంది) మేరీ ఒక చేత్తో తన రొమ్మును చూపుతూ, మరో చేత్తో మోకరిల్లిన జనాన్ని చూపుతూ, వారిని కాపాడమని కుమారుణ్ణి వేడుకుంటుంది. అంటే పాలిచ్చిన రుణమే అక్కడ సిఫారసు.

1427లో సియెనాలో ప్రవచనాలు చేసిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో బిడ్డలను దాదులకు అప్పగించే తల్లులను మందలించాడు. ఆ మందలింపు చేరవలసిన చోటికి చేరలేదనే చెప్పాలి, ఎందుకంటే పటానికి సొమ్ము చెల్లించిందీ, దాదిని కుదిర్చిందీ చాలావరకు ఇంటి యజమానే. అందువల్ల ఈ చిత్రాలను నాటి తల్లుల జీవితానికి అద్దంగా చదవడం పొరపాటు. 1563లో ట్రెంట్ మతసభ పవిత్ర చిత్రాల్లో అసభ్యత కూడదని శాసించిన తరువాత పాలిచ్చే మేరీ రూపం క్రమంగా అరుదైంది; దాదుల వాడుక మాత్రం ఇటలీలో 19వ శతాబ్దం దాకా కొనసాగింది.